ఈలింగ్ నుంచి నాన్నకు

నాన్నగారికి నమస్కారాలు.

నేను బాగున్నాను. ఉద్యోగం మామూలే, రాయడానికేం లేదు. అమ్మ పంపిన కందిపొడి అడుగంటింది. గోంగూర మాత్రం దాచుకుని తింటున్నాను.

ఫోన్లో మాట్లాడుకుంటే మనిద్దరికీ గొడవే అవుతోందని ఉత్తరం రాస్తున్నాను. "సినిమా చదువుకి అంత దూరం పోవాలా" అన్నారు. పెళ్ళిలో పెద్దత్తయ్య ఏమందో కూడా తెలిసింది.

లండన్‌లో నేనుండే ఈ ఈలింగ్‌లో మా వీధి దాటితే ఈలింగ్ గ్రీన్ అనే పచ్చిక మైదానం. రోడ్డు పక్కనే తెల్ల మేడ, వెనక సినిమా స్టూడియో. 1902లో విల్ బార్కర్ అనే ఆయన కొన్న స్థలం. అప్పట్లో ఎండ వెలుగులోనే సినిమా తీయాలి కాబట్టి గోడలూ కప్పూ అద్దాలతో కట్టించాడట. తెలుగు సినిమా పితామహుడంటామే, మన బందరు రఘుపతి వెంకయ్య గారు, ఆయనబ్బాయి ప్రకాష్ పని నేర్చుకున్నది ఈ బార్కర్ కంపెనీలోనే. పంపింది ఎవరు? కన్నతండ్రే! తన ఫోటో స్టూడియో తాకట్టు పెట్టి 30,000 రూపాయలతో క్రోనో మెగాఫోన్ (బొమ్మతో పాటు శబ్దమూ వినిపించే ప్రొజెక్టర్) కొన్న మనిషి, కొడుకు చదువుకి వెనకాడతాడా?

ప్రకాష్ తిరిగొచ్చాక తండ్రీకొడుకులు మద్రాసులో కంపెనీ పెట్టి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. డైరెక్టరూ ఆయనే, భీష్ముడూ ఆయనే. గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే ఆవిడది. మూకీ కదా, తెలుగు వచ్చా అని అడిగేదెవరు! తర్వాత పేరున్న డైరెక్టర్లైన సి. పుల్లయ్య, వై.వి. రావు ప్రకాష్ దగ్గర తయారైనవాళ్ళే.

"చివరికి అప్పులపాలయ్యారు కదా" అంటారు మీరు. అయ్యారు, కాదనను. కానీ సొంత కంపెనీ పోయినా ప్రకాష్ చేతిలో పని పోలేదు. బయటివాళ్ళకు తీశాడు, టాకీలొచ్చాకా తీశాడు.

నాకు బాధనిపించేది వేరే. ఆ 'భీష్మ ప్రతిజ్ఞ' రీలు ముక్క కూడా ఇప్పుడు ఎక్కడా లేదు. తెలుగువాడు తీసిన మొదటి సినిమా అని చెప్పుకోవడమే తప్ప, చూసే యోగం లేదు. నేను చదువుతున్నది సినిమాలు తీయడం కాదు నాన్నా, ఉన్న రీళ్ళు పాడవకుండా కాపాడటం. అత్తయ్యకి చెప్పండి, హీరోయిన్ అవుతానని భయపడక్కర్లేదు. మొన్న ఒక డబ్బా మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన, కళ్ళు మండాయి. పాత ఫిల్మ్ పాడవుతుంటే వచ్చే వాసన అది. లోపల ఫిల్మ్ ముడుచుకుపోయి వంకర్లు తిరిగింది. ఒక్కో అడుగూ చేత్తో విప్పాలి. మీరు డార్క్‌రూమ్‌లో నెగెటివ్‌ని అంచుతో పట్టుకునేవారే, ఇక్కడా అలాగే పట్టుకోమంటారు. నాకు కొత్తగా నేర్పక్కర్లేకపోయింది.

బీపీ మాత్రలు మానకండి. చలి గురించి అమ్మకి టెన్షన్ వద్దు, గదిలో హీటర్ ఉంది.

అన్నట్టు, బాబాయి అటక ఖాళీ చేయిస్తానంటున్నాడట. తాతయ్య నెగెటివ్ డబ్బాలు మాత్రం పారేయనివ్వకండి. వెనిగర్ వాసన వచ్చేవి విడిగా తీసి పెట్టండి, పక్కవాటికీ అంటుకుంటుంది. రేకుల కింద వేడి ఎక్కువ, నడవ గదిలోకి దించండి. సంక్రాంతికి వచ్చినప్పుడు నేనే చూస్తాను.

మీ అమ్మాయి