బడి మందుల పెట్టెలో అడ్రినలిన్ ఉండాలి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో ఇరవై ఆరేళ్లుగా జీవశాస్త్రం బోధిస్తున్న ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మూడేళ్ల కిందట ఒంటిపూట బడుల రోజుల్లో మా ఆవరణలోని వేపచెట్టు మీద తేనెపట్టు కదిలి, కొందరు పిల్లలను ఈగలు కుట్టాయి. మిగతావాళ్లకు వాపుతో పోయింది గానీ, ఏడో తరగతి పిల్లవాడొకడికి పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు ఉబ్బి, గొంతు పూడుకుపోయింది. 108 వచ్చేదాకా ఆగే ధైర్యం లేక ఆటోలో తీసుకుపోయాం. ఆసుపత్రిలో తొడకు ఒక సూది వేసిన కాసేపటికి వాడికి ఊపిరి ఆడింది. ఆ మందు అడ్రినలిన్. ఏటా బల్లల ముందు నిలబడి నేను పాఠంగా చెప్పే హార్మోన్ అదే. మా మందుల పెట్టెలో మాత్రం ఆ రోజు ఉన్నవి దూది, టింక్చర్, జ్వరం బిళ్లలు.

తేనెటీగలే కాదు, కొందరు పిల్లలకు పల్లీలు, గుడ్డు, పాలు కూడా తీవ్రమైన అలర్జీతో ఇంతటి ప్రమాదం తెచ్చిపెట్టగలవు. పాలమూరు, వనపర్తి వైపు పల్లీ లేని ఇల్లు ఉండదు, మధ్యాహ్న భోజనంలో గుడ్డు మనమే పెడుతున్నాం. ఇలాంటప్పుడు అవిల్ అనే అలర్జీ మందు వేసి చూద్దామనడం మనకు అలవాటు. అది దురదను, దద్దుర్లను తగ్గిస్తుందే తప్ప మూసుకుపోతున్న శ్వాసనాళాన్ని తెరవదు, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టదు. ఆ రెండు పనులూ చేసేది అడ్రినలిన్, అదీ మొదటి నిమిషాల్లో పడాలి.

కెనడాలోని అంటారియో రాష్ట్రంలో 2006 నుంచి అమల్లో ఉన్న చట్టం, అత్యవసరంలో సదుద్దేశంతో ఈ మందు ఇచ్చిన బడి సిబ్బందిపై నష్టపరిహారపు దావా వేయడానికి వీల్లేదని చెప్పింది. బడులు దీన్ని నిల్వ ఉంచుకునేలా చట్టం చేసిన రాష్ట్రాలకు ఉబ్బసం నిధుల్లో ప్రాధాన్యం ఇస్తామని అమెరికా 2013లో చట్టం చేసింది. బ్రిటన్‌లో 2017 అక్టోబర్ నుంచి బడులు ఏ ఒక్క విద్యార్థి పేరిటా చీటీ లేకుండానే దీన్ని కొనుక్కోవచ్చు.

అక్కడ వాడేది తొడకు నొక్కితే సరిపోయే పెన్ను లాంటి సూది. మనకు అందుబాటులో ఉన్నది 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండే చవకైన అంపుల్, అంటే సిరంజితో మందు తీసుకోవాల్సిన చిన్న గాజు సీసా. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము లెక్కన 20 కిలోల పిల్లకు 0.2 మిల్లీలీటర్లు తొడకు వేయాలి. కంగారులో ఈ కొలత తప్పే అవకాశం ఉన్న మాట నిజమే. అయితే టీకా వికటించినప్పుడు తొలి డోసు అడ్రినలిన్ వేసే అనుమతి ఏఎన్ఎంలకు ఇప్పటికే ఉంది. గ్రామంలో ఏఎన్ఎం చేయగలుగుతున్న పనిని, బరువుల పట్టిక చేతికిచ్చి నేర్పితే ప్రతి బడిలో ఇద్దరు చేయలేరా? కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాలతో మొదలుపెడితే ఇంకా సులువు, ఎందుకంటే పిల్లలు రాత్రిళ్లు కూడా అక్కడే ఉంటారు.

అసలు చిక్కు మందు ధర కాదు, భయం. సూది వేశాక పిల్లవాడికి ఏమైనా అయితే సస్పెన్షన్, కేసు ఎవరి మెడకు? రోడ్డు ప్రమాద బాధితుడిని ఆదుకున్నవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. బడిలో సూది వేసిన టీచరుకు అలాంటి భరోసా రాతపూర్వకంగా కావాలి.

కనుక విద్యాశాఖతో కలిసి జూన్‌లో బడులు తెరిచేలోగా ఉత్తర్వు ఇప్పించండి. మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచే బడికి రావాలి, గడువు తేదీని మూణ్ణెల్లకోసారి ఏఎన్ఎం చూడాలి, డోసు వేశాక కూడా పిల్లను ఆసుపత్రికి చేర్చడం తప్పనిసరి కావాలి. ఇంకొక్క మాట: ఈ మందు వెలుతురుకూ వేడికీ చెడుతుంది. ఏప్రిల్‌లో మా ఆఫీసు గదిలోని ఇనుప బీరువా పొయ్యిలా కాలుతుంది కాబట్టి, దాన్ని ఎక్కడ ఉంచాలో కూడా ఉత్తర్వులోనే రాయించండి.

శిక్షణ ఎప్పుడు పెట్టినా మా మండలం జాబితాలో మొదటి పేరు నాది రాసుకోండి.

భవదీయుడు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా