ఫొటో కింద పేరేదీ?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో అమెరికాలోని యోసెమిటీ లోయ మీద వ్యాసం బాగుంది. పక్కన వేసిన పాత ఫొటో ఇంకా బాగుంది. కానీ దాని కింద ‘ఫైల్ ఫొటో’ అని పెట్టి ఊరుకున్నారు. అది 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ తీసింది.

అప్పట్లో ప్రింటు ఎంత పెద్దది కావాలంటే నెగెటివ్ కూడా మామూలుగా అంత ఉండాల్సిందే. అందుకే ఆయన 18 బై 22 అంగుళాల గాజు పలకలు కంచర గాడిదల మీద కొండల్లోకి మోయించాడు. పలక మీద పూసిన మందు ఆరేలోపే ఫొటో తీసి కడగాలి కాబట్టి చీకటి గుడారం కూడా వెంట ఉండాల్సిందే.

1862 డిసెంబరులో ఆ ఫొటోలు న్యూయార్క్‌లోని గూపిల్ గ్యాలరీలో పెట్టారు. అంతర్యుద్ధం నడుస్తున్న రోజులు. రెండు నెలల ముందే ఆ ఊరి జనం బ్రేడీ గ్యాలరీలో ఆంటీటమ్ యుద్ధభూమి శవాల ఫొటోలు చూసి ఉన్నారు. ఆ తర్వాత ఈ జలపాతాలు, ఈ నిశ్శబ్దం! అయితే యోసెమిటీ లోయలో ఉండే అహ్వానీచీ అనే ఆదివాసీ జనాన్ని 1851లో సాయుధులు వెళ్లి తరిమిన సంగతి మాత్రం ఏ ఫొటోలోనూ కనిపించదు.

వ్యాసంలో ఒక పొరపాటు కూడా ఉంది. 1864లో లింకన్ సంతకం చేసిన చట్టం లోయను జాతీయ పార్కు చెయ్యలేదు, కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించింది. చుట్టుపక్కల నేల జాతీయ పార్కయింది 1890లో. లోయ అందులో కలిసింది 1906లో.

1867లో పారిస్ ప్రదర్శనలో వాట్కిన్స్‌కు పతకం వచ్చింది. పదేళ్లు తిరక్కుండానే అప్పుల్లో గ్యాలరీ పోయింది, నెగెటివ్‌లు టేబర్ అనే ఇంకో ఫొటోగ్రాఫర్ చేతికి వెళ్లాయి. ఆయన వాటిని తన పేరుతోనే ప్రింట్ చేసి అమ్ముకున్నాడు. పాపం, వాట్కిన్స్ పాత చోట్లకే మళ్లీ వెళ్లి కొత్తగా తీసుకోవాల్సి వచ్చింది. 1906 భూకంపం, మంటల్లో స్టూడియో కూడా పోయింది. 1916లో మానసిక ఆసుపత్రిలో చనిపోయాడు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియం ఆయన ఫొటోలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. తర్వాత అది న్యూయార్క్, వాషింగ్టన్‌లకూ వెళ్లింది.

ఒకసారి పేరు చెరిపేయించుకున్న మనిషికి మనమూ ‘ఫైల్ ఫొటో’ అంటే ఎలా? మన రాజా దీన్ దయాళ్ తీసిన పాత హైదరాబాద్ ఫొటోల కింద కూడా ‘ఇంటర్నెట్ సేకరణ’ అనే చూస్తుంటాం. పాత ఫొటో వేసినప్పుడు తీసినవారి పేరు, ఏడాది, తెలిస్తే మొదట ఎక్కడ ప్రదర్శించారో కూడా వేయండి. ఒక్క లైను చాలు. వీలైతే ఆ యోసెమిటీ ఫొటో ఇంకోసారి వేయండి, ఈసారి పేరుతో.

- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం