అమరావతి రాళ్ళు ఎలాగూ రావు, కనీసం నకళ్ళైనా పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అమరావతి మహాచైత్యం, అంటే మన పెద్ద బౌద్ధ స్తూపం, ఒకప్పుడు ఎలా ఉండేదో తెలియాలంటే గుంటూరు వాళ్ళం కూడా లండన్ పోవాల్సి వస్తోందండీ. ఈమధ్య మా అమ్మాయి దగ్గరకి వెళ్ళినప్పుడు బ్రిటిష్ మ్యూజియం చూశాను, టికెట్ కూడా లేదు, 33ఎ గది నిండా మన పల్నాటి సున్నపురాయి శిల్పాలే, లండన్ గాలికి పాడవకుండా అద్దాలు బిగించి మరీ కాపాడుకుంటున్నారు.

అందులో ఒక పలక ఉంది. దాని మీద స్తూపం మొత్తం చెక్కేశారు, అండం (పైన గుండ్రటి గుమ్మటం), చుట్టూ ప్రాకారం, గుమ్మం దగ్గర సింహాలు, ఏదీ వదల్లేదు. అదే రాయికి రెండో వైపు ఇంకా పాత చెక్కడం, బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం, బుద్ధుడు మాత్రం కనపడడు. పాత పలకనే తిప్పి మళ్ళీ వాడుకున్నారన్నమాట, మనవాళ్ళ పొదుపు అప్పటిదే!

తెల్లవాళ్ళు ఎత్తుకుపోయారని తిట్టడం తేలికే గానీ 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ వచ్చేసరికే జమీందారు గారి కొత్త ఊరి కోసం మనవాళ్ళే స్తూపం దిబ్బ తవ్వి ఇటుకలు, రాళ్ళు పట్టుకుపోతున్నారు. 1845లో కంపెనీ అధికారి ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, 1859లో ఓడెక్కి లండన్ పోయాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ బోలెడున్నాయి.

తిరిగి ఇమ్మంటే, మ్యూజియం వస్తువులు బయటికి ఇచ్చేయడానికి ఒప్పుకోని వాళ్ళ 1963 బ్రిటిష్ మ్యూజియం చట్టం చూపిస్తారు. ప్రకాశం జిల్లా చందవరం శిల్పాన్ని 2016లో ఆస్ట్రేలియా వాళ్ళు ఇచ్చేశారు కదా అంటే, అది దొంగసొత్తు, ఆ కేసు వేరు. అడగడం మానమనట్లేదు, అడుగుతూనే ఉండాలి, కానీ అప్పటిదాకా ఖాళీ దిబ్బ చూసుకుంటూ కూర్చోవాలా?

రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర పురావస్తు శాఖ కలిసి లండన్, చెన్నై మ్యూజియంల వాళ్ళని అడిగి ఆ శిల్పాలన్నీ త్రీడీ స్కాన్ చేయించాలి, అసలు సైజులో నకళ్ళు పోయించి అమరావతిలో ప్రాకారం ఒక్క వైపైనా నిలబెట్టాలి, ప్రతి పలక కిందా అది ఏ కథో తెలుగులో రాసి పెట్టాలి. కొత్త రాజధానికి ఆ పేరే పెట్టుకున్నాం కాబట్టి డబ్బుల్లేవు అనరనే అనుకుంటున్నా.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు