2025–26 వార్షిక నివేదిక: కొత్త కంప్యూటర్‌లోకి మన నంబర్లు, తేదీలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

కాలువలో గుర్రపుడెక్క తీయించడం, పంటబోదెల పూడికతీత, నెలవారీ సమావేశాలు ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదివి వినిపిస్తారు. నేను కాస్త వివరంగా చెప్పదలచుకున్నది ఆఫీసు కంప్యూటర్ మార్పు గురించి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. మన పాత కంప్యూటర్ విండోస్ 11కి సరిపడదు. అందుకే డిసెంబర్‌లో కొత్తది కొన్నాం. కొనడం ఒక పూట పని. అసలు పని మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్‌లో ఉన్న కాంటాక్ట్స్, క్యాలెండర్ చెక్కుచెదరకుండా తేవడం. లంకల్లో పడవలున్నవాళ్లు, లాకుల దగ్గరి సిబ్బంది, కాలువ నీటిని చూసుకునే లస్కర్లు, పశువులను గట్టుకు తోలడానికి సాయం వచ్చేవాళ్లు, అందరి నంబర్లూ అందులోనే ఉన్నాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది. ఆ మధ్యలో దొరికే సమయంలోనే మనం ఫోన్లు చేయాలి. అప్పుడు నంబర్ కోసం వెతుక్కోవడం మొదలుపెడితే ఎవరికీ మంచిది కాదు. దాళ్వా (రెండో పంట)లో నీటి వంతులు, కాలువలు కట్టేసే తేదీ, సొసైటీ అప్పు గడువులు క్యాలెండర్‌లో ఉన్నాయి.

అవుట్‌లుక్ మూసేసి, పీఎస్‌టీ ఫైల్‌ను బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాం. మెయిల్స్, కాంటాక్ట్స్, క్యాలెండర్ మూడూ ఆ ఒక్క ఫైల్‌లోనే ఉంటాయి. కొత్త కంప్యూటర్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు డూప్లికేట్లు వద్దన్న ఆప్షన్ ఎంచుకున్నాం. రేపు వేరే ప్రోగ్రామ్‌కి మారినా పనికొచ్చేలా కాంటాక్ట్స్‌ను సీఎస్‌వీ (పట్టికలా తెరుచుకునే సాదా టెక్స్ట్ ఫైల్)గా, క్యాలెండర్‌ను ఐసీఎస్ (క్యాలెండర్ల కోసమే ఉన్న ఫైల్ రకం)గా కూడా తీసి పెట్టాం. క్యాలెండర్‌ను సీఎస్‌వీగా తీయలేదు. అలా తీస్తే ప్రతి నెలా తిరిగొచ్చే సమావేశం ఒక్కో తేదీకి ఒక్కో విడి నమోదుగా చీలిపోతుంది, ఐసీఎస్‌లో ఆ వరస నిలుస్తుంది.

సీఎస్‌వీ ఫైల్‌ను ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 91తో మొదలయ్యే ఫోన్ నంబర్లు 9.19E+11 అని కనిపించాయి, తెలుగు పేర్లు గజిబిజి గుర్తులయ్యాయి. అలాగే సేవ్ చేసి ఉంటే నంబర్లు పోయేవే. ఫైల్‌ను యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలను కూడా సరిగ్గా చూపే పద్ధతి)గా, నంబర్ల గడిని టెక్స్ట్‌గా పెట్టి తెరిచాక అన్నీ సరిగ్గా వచ్చాయి. సభ్యుల పిల్లలు ఇద్దరు ఓపిగ్గా కూర్చుని పాత స్క్రీన్, కొత్త స్క్రీన్ పక్కపక్కన పెట్టి ఒక్కో పేరూ సరిచూశారు. వారికి కార్యవర్గం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. సాయంత్రం 6 గంటల సమావేశం తెల్లవారుజామున 4:30కి ఉన్నట్టు పట్టుకున్నది కూడా వారే. కొత్త కంప్యూటర్ టైమ్ జోన్ అమెరికా పసిఫిక్‌లో ఉంది. భారత కాలమానానికి మార్చగానే సరిపోయింది.

రానివి కొన్ని ఉన్నాయి. మెయిల్ రాసేటప్పుడు మొదటి రెండక్షరాలకే వాటంతటవే వచ్చే అడ్రస్‌లు కాంటాక్ట్స్‌లో భాగం కావు, ఆ జాబితా వేరే చోట ఉంటుంది. కొందరు సభ్యుల మెయిల్ అడ్రస్‌లు అక్కడ మాత్రమే ఉండేవి. నోటీసులు అందని సభ్యులు దయచేసి ఆఫీసుకు ఒక మెయిల్ పంపండి, వెంటనే కాంటాక్ట్స్‌లో చేరుస్తాం.

పాత డిస్క్‌లో మీ అందరి వివరాలు ఉన్నాయి కాబట్టి పూర్తిగా చెరిపే వరకు ఆ కంప్యూటర్‌ను ఎవరికీ ఇవ్వబోము. బ్యాకప్ డిస్క్ ఒకటి ఆఫీసులో, ఇంకొకటి మెరక మీదున్న సభ్యుల ఇంట్లో పెట్టాం. వరద రోజుల్లో పిలవాల్సిన నంబర్ల ప్రింటు జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేలోగా ఇంటింటికీ ఇస్తాం. మీ నంబర్ మారి ఉంటే ఈ సమావేశం అయ్యాక బల్ల మీదున్న రిజిస్టర్‌లో రాసి వెళ్లండి.

— కార్యదర్శి