చాక్లెట్ ముట్టకుండా పన్నెండు మందికి తీపి: దారి చూపిన వారందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నేను అడిగిన ప్రశ్న చిన్నది. ఫ్రిజ్‌లో ఉన్న చాక్లెట్ మా ఆవిడ కేకుల ఆర్డర్ల కోసం కొనుక్కున్నది. దాన్ని ముట్టకుండా, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నెలు పాడవకుండా, పన్నెండు మంది చుట్టాలకు భోజనమయ్యాక ఏం తీపి పెట్టాలి? జవాబిచ్చిన వాళ్ళు వంటకాల పేర్లు చెప్పి ఊరుకోలేదు. కొలతలు చెప్పారు, ఏ గిన్నెలో వండకూడదో చెప్పారు, ఎక్కడ చెడుతుందో ఎందుకు చెడుతుందో కూడా రాశారు. ఇంత శ్రద్ధగా రాసిన మాటలు మరుగున పడిపోకూడదు. అందుకే అన్నీ ఒకచోట చేర్చి, మనస్ఫూర్తిగా దండం పెట్టి మరీ ఇక్కడ రాస్తున్నాను.

మొదటి కృతజ్ఞత బేకరీ పని తెలిసిన చెల్లెమ్మకు. "కొంచెం వాడుకుని మళ్ళీ కొనిపెడితే సరిపోదా?" అని ఇద్దరు ముగ్గురు అడిగితే, ఎందుకు సరిపోదో విడమరిచి చెప్పింది. కేకులు చేసేవాళ్ళు చాక్లెట్‌ను గ్రాముల లెక్కన ఒక్కో ఆర్డరుకు కేటాయించుకుంటారు. కోకో బటర్‌తో చేసిన అసలు చాక్లెట్, వనస్పతి లాంటి కొవ్వు కలిపిన కాంపౌండ్ చాక్లెట్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గాని ఒకదాని పని ఇంకొకటి చేయదు. అసలు డార్క్ చాక్లెట్‌ను 45 డిగ్రీల దాకా కరిగించి, 28 దగ్గరికి చల్లార్చి, మళ్ళీ 31, 32కి తెచ్చి వాడతారు. కాంపౌండ్‌కు ఈ తతంగమే అక్కర్లేదు. దుకాణంలో చేతికి దొరికిన డబ్బా తెచ్చి అక్కడ పెడితే ఆర్డరు రోజున ఆవిడ పని మొత్తం తలకిందులవుతుంది.

ఆ చెల్లెమ్మే ఇంకో మాట చెప్పింది, ఇది చాలామందికి తట్టదు. తినకపోయినా, ఊరికే పక్కకు జరిపినా పాడవుతుంది. పాలప్యాకెట్లకు చోటు కావాలని చాక్లెట్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి గట్టు మీద పెడితే, చల్లటి దాని మీద గాలిలోని తేమ పడుతుంది. పైనున్న చక్కెర ఆ తేమలో కరిగి, ఆరాక తెల్లటి పొరగా పేరుకుంటుంది. మూత సరిగ్గా లేకపోతే ఉల్లిపాయ వాసన, సాంబారు వాసన పీల్చేస్తుంది. కరిగించే గిన్నెలో నీటిచుక్క పడితే మొత్తం గట్టిపడి ఇసుక ముద్దలా అయిపోతుంది. కాబట్టి చుట్టాల రోజున ఫ్రిజ్‌లో చోటు కావాలంటే ముందురోజే ఆవిడనే అడిగి, ఆవిడ చేతే సర్దించుకోవడం మంచిది.

అతిథుల్లో చాక్లెట్ పడనివాళ్ళు ఉంటే ఇంకాస్త జాగ్రత్త కావాలని ఒక అక్కగారు గుర్తుచేశారు. తెల్ల చాక్లెట్‌లోనూ కోకో బటర్ ఉంటుంది. పాలలో కలుపుకునే పొడుల్లో కొన్నిట్లో కోకో ఉంటుంది, డబ్బా వెనక చదవాలి. పూతరేకులు తెప్పించేటప్పుడు కూడా చాక్లెట్ లేనివే కావాలని చెప్పాలి, ఇప్పుడు చాక్లెట్‌వీ అమ్ముతున్నారు. ఎందుకు పడదో మర్యాదగా అడిగి తెలుసుకోవాలి. అసలు పడనిది పాలో, గింజలో అయితే జీడిపప్పు వేసిన పరమాన్నమూ పనికిరాదు.

ఇక తీపి సంగతి. పాతబస్తీ అన్న చెప్పిన ఖుబానీ కా మీఠాకే, అంటే ఎండు ఆప్రికాట్లతో చేసే హైదరాబాదీ తీపికే నా ఓటు. ముందురోజే చేసేయొచ్చు, మర్నాటికి రుచి ఇంకా కుదురుతుంది, పొయ్యి దగ్గర హడావిడి ఉండదు. పన్నెండు మందికి గింజతో ఉన్న ఎండు ఖుబానీ అర కిలో. నారింజ రంగులో మెత్తగా, గింజ తీసి అమ్మేవి కాకుండా, గోధుమ రంగులో ముడతలు పడి గట్టిగా ఉండేవి తీసుకోవాలి. రెండుసార్లు కడిగి, లీటరున్నర నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున గింజలు వేరుచేసి, నానిన నీళ్ళు పారబోయకుండా వాటిలోనే సన్నటి సెగ మీద ఉడికించాలి. పండు వేళ్ళతో నొక్కితే మెదిగే దాకా, అంటే ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా ఉడికాకే 200 గ్రాముల చక్కెర వేయాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చక్కెర ముందే పడితే పండు నీళ్ళు పీల్చుకోదు, తోలు గట్టిగానే ఉండిపోతుంది, తర్వాత గంటసేపు ఉడికించినా మెత్తబడదు. చక్కెర వేశాక ఇంకో పావుగంట. సగం పండ్లు గరిటెతో మెదిపి, సగం అలాగే వదిలేస్తే నోటికి బాగుంటుంది. చల్లార్చి, పైన చిక్కటి మలై వేసి పెట్టడమే.

గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన చల్లడం హైదరాబాదీ పద్ధతి. ఇక్కడ అన్న గట్టిగా హెచ్చరించారు, నేనూ గట్టిగానే చెబుతున్నాను. తియ్యటి పప్పులే వాడాలి. చేదుగా ఉన్న పప్పులో, కడుపులోకి వెళ్ళాక సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది, నోట్లోంచి ఊసేసి ఆ విడతవన్నీ పారేయాలి. అనుమానముంటే నానబెట్టి తొక్క తీసిన బాదంపప్పు చల్లండి, ఏ లోటూ ఉండదు.

ఈ వంట స్టీలు గిన్నెలోనే. ఖుబానీలో పులుపు ఉంటుంది. లోపల పూసిన కళాయి అరిగిన ఇత్తడి గిన్నెలో పులుపు మరిగితే రాగి, జింకు వంటలోకి దిగుతాయి. ఇనుప మూకుడులో వండితే నూనె పట్టి నల్లగా నిగనిగలాడే పొర లేచిపోతుంది, తీపి కూడా ఇనుము వాసన కొడుతుంది. ఆ పొర రావడానికి ఏళ్ళు పడుతుంది. అది వాడినవాళ్ళ శ్రమ.

క్యారమెల్ కస్టర్డ్ చెప్పిన అక్కగారికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. "చాక్లెట్‌కు అలవాటుపడ్డ పిల్లలు తీపి కోసం కాదు, ఆ చిరుచేదు కోసం వెతుకుతారు" అన్నారు. నిజమే. చక్కెరను తేనె రంగు దాటించి, ఎర్రటి గోధుమ రంగు వచ్చేదాకా కాస్తే ఆ చేదు వస్తుంది. నల్లబడి పొగ వచ్చిందంటే దాటిపోయినట్టే. పన్నెండు మందికి లీటరు పాలు, ఎనిమిది గుడ్లు, 160 గ్రాముల చక్కెర, కాచడానికి విడిగా ఇంకో 150 గ్రాములు. కాచిన చక్కెరను రెండు డబ్బాల అడుగున పోసుకోవాలి. పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వేడి ఉంటే చాలు, మరుగుతున్నవి పోస్తే గుడ్డు ముక్కలవుతుంది. గుడ్డును నురగ వచ్చేలా గిలక్కొట్టకుండా మెల్లగా కలిపి, వడకట్టి పోయాలి. ఆవిరి నీళ్ళు డబ్బాలోకి కారకుండా పైన ఫాయిల్ బిగించి, గిన్నె అడుగున మడిచిన గుడ్డ వేసి, నీళ్ళు సన్నగా కదిలేంత సెగ మీద అరగంట. నీళ్ళు తెర్లితే కస్టర్డ్ లోపల జల్లెడలా చిల్లులు పడతాయి. నడిమధ్య కొంచెం వణుకుతుండగానే దించేయాలి. ఆరు గంటలు ఫ్రిజ్‌లో ఉంటేనే బోర్లిస్తే నిలుస్తుంది.

ఆ చక్కెర కాచేది మాత్రం కళాయి గిన్నెలో వద్దని, కళాయి పని ఎరిగిన పెద్దాయన చెప్పిన మాట బంగారం. కళాయి అంటే లోపల పూసిన తగరం. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. చక్కెర రంగు మారేది 170 దగ్గర, కాబట్టి పర్వాలేదనిపిస్తుంది. కానీ చక్కెర కరగక ముందు గిన్నె ఉత్తదే కదా, పెద్ద మంట మీద ఉత్త గిన్నె అడుగు ఆ వేడిని దాటడానికి ఎంతోసేపు పట్టదు. తగరం కరిగి ఒకచోటికి జారుతుంది, కింద ఇత్తడి పచ్చగా బయటపడుతుంది. నాన్‌స్టిక్ పెనాన్ని కూడా ఉత్తది మంట మీద వదిలేయకూడదు, 260 దాటితే ఆ పూత చెడడం మొదలవుతుంది. కాబట్టి దళసరి స్టీలు గిన్నె, మధ్యస్థంగా మంట, అంతే.

కస్టర్డ్‌ను వెండి గిన్నెల్లో వడ్డిస్తే అందంగా ఉంటుందనిపిస్తుంది. వద్దు. గుడ్డులోని గంధకం వెండిని నల్లగా చేస్తుంది, చెంచాలతో సహా. పుట్టింటివారు పెట్టిన వెండి నల్లబడితే తోమి తెల్లగా చేయొచ్చు గాని, నకిషీ పని ఉన్నచోట తోమిన కొద్దీ గీత అరిగిపోతుంది. కస్టర్డ్‌కు గాజు, పింగాణీ. వెండి గిన్నెలు తీయాలని ఆవిడకే ఇష్టమైతే అందులో పరమాన్నం పోయండి.

పరమాన్నానికి మాత్రం కళాయి గిన్నెకు మించింది లేదు. రెండు లీటర్ల పాలు, గ్లాసు నీళ్ళు, కడిగి అరగంట నానబెట్టిన బియ్యం 200 గ్రాములు, బెల్లం 350 గ్రాములు. మెతుకు పూర్తిగా మెత్తబడాలి, బెల్లం పడ్డాక ఇంక ఉడకదు. పాలు విరిగిపోవడానికి కారణం బెల్లంలోని పులుపు, వేడిపాలలో వేయడం. అందుకని బెల్లాన్ని అరగ్లాసు నీళ్ళలో విడిగా కరిగించి, ఇసుక పోయేలా వడకట్టి, చల్లారనివ్వాలి. అన్నం గిన్నె దించి గోరువెచ్చగా అయ్యాక కలపాలి. కలిపాక మళ్ళీ మరిగించకూడదు. నేతిలో వేయించిన జీడిపప్పు, కిస్‌మిస్, నాలుగు యాలకులు. చెక్క గరిటెతోనే కలపాలి, స్టీలు గరిటె గీకితే తగరం లేచిపోతుంది. మిగిలింది రాత్రికి ఆ గిన్నెలోనే వదలకుండా వేరే దానిలోకి తీసేయాలి. తోమేటప్పుడు చింతపండు బయటివైపుకే. లోపల మెత్తటి గుడ్డ, తేలికపాటి సబ్బు. లోపల పసుపుపచ్చ మచ్చలు కనిపిస్తే వండడం ఆపి కళాయి వేయించాలి. గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం రుద్ది, దూదితో తుడిచే ఆ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు, దొరికినప్పుడే వేయించుకోండన్నారు పెద్దాయన.

అసలేమీ వండలేనివాళ్ళకు కోనసీమ పిన్నిగారి సలహా: 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకులు. ఉత్త రేకులు తెప్పించుకుని ఇంట్లో చుట్టుకుంటే తాజాగా ఉంటాయి. రేకు పెళుసు, తడిపి గట్టిగా పిండిన గుడ్డ మీద రెండు క్షణాలు ఉంచితే మడతకు వస్తుంది, ఎక్కువసేపు ఉంచితే అంటుకుపోతుంది. నెయ్యి, బెల్లం పొడి, పప్పులు. వేసవిలో అయితే ముంజలు తొక్క తీసి ముక్కలు కోసి, చిక్కగా కాచి బాగా చల్లార్చిన పాలలో వేస్తే చాలు.

ఒక పెద్దక్క అడిగిన ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది: "మీ ఆవిడ వస్తువుల సంగతి సరే, మీవి ఏవి ముట్టుకోకూడదో ఆవిడకు చెప్పారా?" కాఫీగింజల గ్రైండర్‌లో యాలకులు పొడిచేస్తే ఆ వాసన వారం రోజుల కాఫీకి పడుతుంది. మంచి కత్తితో బెల్లం అచ్చు కొడితే అంచు పెచ్చులూడుతుంది, దానికి చిన్న రోకలి ఉంది. ఇవి చెప్పకపోతే ఎవరికీ తెలియవు. అడిగే పద్ధతి కూడా ఆ పెద్దక్కే చెప్పారు. "ఇది వాడుకోనా" అని పనిలో ఉన్న మనిషిని అడిగి "ఊఁ" అనిపించుకోవడం అడగడం కాదు. ఏ గిన్నె, ఏ వంటకు, ఏ రోజు, ఎవరు తోముతారు, ఇవన్నీ చెప్పి అడగాలి. వద్దంటే కారణం అడగకూడదు. తన సొంత వస్తువుకు ఎవరూ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

చివరగా, మిగిలిన తీపి చుట్టాలకు కట్టిచ్చేటప్పుడు ఏం చేయాలో చెప్పిన వదినగారికి. ఇంటావిడ పేరు చెక్కిన స్టీలు గిన్నెల్లో పోసి పంపకండి, వెళ్ళిన గిన్నె తిరిగి రాదు, రాలేదని అడగడం ఆవిడకు మొహమాటం. ముందే డజను ప్లాస్టిక్ డబ్బాలు కొని పెట్టుకోండి. పరమాన్నం పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, వేడిమీద పెడితే మూతకు పట్టిన నీళ్ళు కారి సాయంత్రానికే పులుస్తుంది. మర్నాడు గట్టిపడితే అరగ్లాసు గోరువెచ్చటి పాలు కలుపుకొమ్మని డబ్బా ఇచ్చేటప్పుడే చెప్పండి. వదినగారూ, డబ్బాలు తెచ్చేశాం, మీ పుణ్యమా అని.