ముందు రిమ్ము కొలుచుకో చిన్నా

చిన్నా,

నీ పాత షెవ్రొలే సీ10 పికప్ ట్రక్కు ఫోటోలూ, డ్రాగ్ రేసులకని (తిన్నటి ట్రాక్ మీద ఎవరు ముందు చేరతారో చూసే పందేలకని) నువ్వు కొనాలనుకుంటున్న వెనక టైర్ల వివరాలూ తీరిగ్గా చూశాను. ఫోన్లో చెబితే నువ్వు సగం వింటావు, మిగతా సగం నీ ఆఫీసు కాల్స్‌లో కొట్టుకుపోతుంది. అందుకే రాస్తున్నాను. ఆ 325/50 ఆర్ 15 టైర్లు ఇప్పుడే ఆర్డర్ పెట్టకు.

నీ రిమ్ములు 15 అంగుళాలవి, వెడల్పు 8. వాటి మీద ఇప్పుడున్న 275/60 ఆర్ 15 చక్కగా కూర్చుంటుంది. 325 కూడా ఎత్తు అంతే, పట్టేస్తుందని అమ్మేవాడు అన్నాడని చెప్పావు. ఎత్తు మాట నిజమే. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది అందులో ఎన్నో శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తో చెబుతుంది. 275లో 60 శాతం 165 మిల్లీమీటర్లు, పైనా కిందా కలిపి 330, రిమ్ము 381, మొత్తం 711. అంటే 28 అంగుళాలు. 325లో 50 శాతం పైనా కిందా కలిపితే 325, రిమ్ముతో 706. తేడా 5 మిల్లీమీటర్లే. కానీ అడ్డంగా 50 మిల్లీమీటర్లు పెరిగింది, దాన్ని పట్టుకోవాల్సిన రిమ్ము మాత్రం అదే 8 అంగుళాలు.

అంత వెడల్పు టైరును ఇరుకు రిమ్ములో బిగిస్తే రెండు బీడ్లూ (రిమ్ములో కూర్చునే టైరు అంచులు) లోపలికి లాక్కుంటాయి, సైడ్‌వాల్స్ బయటికి ఉబ్బుతాయి, ట్రెడ్ (నేలకి తగిలే భాగం) మధ్యలో గుబ్బలా లేస్తుంది. మన ఆటోనగర్ షెడ్డుకి రీట్రెడింగ్‌కి వచ్చే లారీ టైర్లలో ఇది ఎన్నిసార్లు చూశామో నీకూ గుర్తుండాలి. 10.00-20 టైరుకి 7.5 రిమ్ము ఉండాలి. డబ్బు కలిసొస్తుందని 9.00-20కి వాడే 7 అంగుళాల రిమ్ము మీద ఎక్కిస్తారు. టైరు విప్పి చెయ్యి పెట్టి చూస్తే నడుమ పట్టీ నున్నగా అరిగి ఉంటుంది, భుజాల దగ్గర గాడి లోతు ఇంకా వేలి గోరుకి తగులుతుంది. గాలి ఎక్కువైనా అరుగుదల ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు డ్రైవర్ని గాలి సంగతి అడిగి, తర్వాత రిమ్ము మీద కొట్టిన అంకె చూస్తాం. అక్కడ అరగని రబ్బరంతా డబ్బు పోసి కొన్నదే, రోడ్డుని తాకనే లేదు.

లారీకైతే అది నష్టం, అంతే. నీ పనికి అసలు ప్రయోజనమే పోతుంది. డ్రాగ్ టైరు నువ్వు కొనేదే బండి కదిలిన మొదటి క్షణంలో మెత్తటి రబ్బరు అంచు నుంచి అంచు దాకా నేలకి అతుక్కోవాలని. దానికోసమే గాలి 15, 20 పాయింట్లకి దించుతారు. ఉబ్బిన సైడ్‌వాల్‌తో, తక్కువ గాలితో ట్రాక్ చివర వేగం అందుకున్నాక వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. నా టెన్షన్ అంతా అక్కడే. అలాగని రిమ్ము మరీ వెడల్పైనా తప్పే, సైడ్‌వాల్ సాగిపోయి, బండి కదిలేటప్పుడు ముడతపడి నేలని పట్టే గుణం పోతుంది. టైరు కంపెనీ పట్టికలో ప్రతి సైజుకీ ఏ రిమ్ము నుంచి ఏ రిమ్ము దాకా వాడొచ్చో, తాము ఏ రిమ్ము మీద పెట్టి కొలిచారో ఉంటుంది. ఆ రెండో అంకె ముఖ్యం. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నీ 275నే 10 అంగుళాల రిమ్ము మీద ఎక్కిస్తే మరో 20 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది, చెరో పక్క 10. మామూలు బండికి ఆ 10 లెక్కలోకి రాదు. నీ బండికి వస్తుంది.

ఎందుకంటే దాన్ని వెనక 6 అంగుళాలు దించేశారు. మామూలు ఎత్తులో ఫెండర్ అంచు టైరు కంటే బాగా పైన ఉంటుంది, టైరు కాస్త బయటికొచ్చినా తగలదు. దించాక టైరు ఫెండర్ లోపలికే వెళ్లిపోయింది. గుంత వచ్చి బండి కిందికి కూర్చుంటే ఆ అంచు టైరు భుజాన్ని కోసేస్తుంది.

ఇంకో సంగతి. 1972 సీ10 ట్రక్కుల్లో ఎక్కువ వాటికి వెనక మన లారీల్లోలా కమాన్ కట్టలు ఉండవు. కాయిల్ స్ప్రింగులు, ఇరుసుని ఛాసిస్‌కి కలిపే పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్స్, హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే గొట్టం) పక్కకి జరక్కుండా అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్ ఉంటాయి. ఆ రాడ్ ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస హౌసింగ్‌కి. బండిని దించినప్పుడు రాడ్ కోణం మారి హౌసింగ్ మొత్తాన్ని ఒక పక్కకి నెడుతుంది. నువ్వు వెనక నుంచి తీసిన ఫోటోలో ఒకవైపు టైరు ఫెండర్‌కి దగ్గరగా, రెండోవైపు లోపలికి కనిపిస్తోంది. నాకు అనుమానం అదే. పొడవు సర్దుకునే రాడ్ దొరుకుతుంది, ముందు అది వేయించి హౌసింగ్‌ని మధ్యకి తెప్పించు. అది కాకుండా తీసిన ఏ కొలతా పనికిరాదు.

తర్వాత వెనక స్ప్రింగులు తీసేసి, జాకీ మీద హౌసింగ్‌ని బంప్ స్టాపర్ (ఇరుసు ఇంక పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేదాకా లేపు. చక్రం బిగించే ముఖం నుంచి బయట ఫెండర్ అంచుకి ఎంత, లోపల దేనికి ముందు తగులుతుందో దానికి ఎంత, రెండు వైపులా రాసుకో. లోపల కనీసం అర అంగుళం ఖాళీ వదులు. ఎన్నడైనా బయాస్ స్లిక్స్ (దారపు పొరలు ఏటవాలుగా ఉండే పాత రకం కట్టుతో, గాడి లేకుండా నున్నగా ఉండే రేసు టైర్లు) వేస్తే ఇంకా ఎక్కువ కావాలి, అవి వేగంలో ఎత్తు కూడా పెరుగుతాయి.

కొత్త రిమ్ములే కొంటానంటే వెడల్పు ఒక్కటే చూడకు, బ్యాక్‌స్పేసింగ్ చూడు. చక్రం బిగించే ముఖం నుంచి రిమ్ము లోపలి అంచు దాకా ఉండే దూరం అది. 8 అంగుళాల రిమ్ము అంచులతో కలిపి సుమారు 9 ఉంటుంది, 4.5 బ్యాక్‌స్పేసింగ్ అంటే సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. 10 అంగుళాల రిమ్ముకీ అదే 4.5 తీసుకుంటే పెరిగిన 2 అంగుళాలూ ఫెండర్ వైపే వెళ్తాయి. 5.5 తీసుకుంటే చెరో పక్క ఒకటి. నీ కొలతలు ఏది చెబితే అది.

నన్నడిగితే నీ 350 క్యూబిక్ అంగుళాల ఇంజనుకి 275 డ్రాగ్ రేడియలే (రేడియల్ కట్టుతో వచ్చే డ్రాగ్ టైర్లే) చాలు. ఉన్న రిమ్ములకే అవి వేసుకో, మిగిలిన డబ్బు పాన్‌హార్డ్ రాడ్‌కీ మంచి షాక్ అబ్జార్బర్లకీ పెట్టు.

ఈ స్లిక్స్ చరిత్ర ఈమధ్య చదివి నాకు భలే సంతోషం వేసింది. 1950ల మొదట్లో అమెరికాలో కుర్రాళ్లు వాడిన స్లిక్స్‌లో చాలావరకు పాత టైర్ల మీద గాడి లేకుండా కొత్త రబ్బరు పోసి చేసినవేనట. అంటే మన షెడ్డులో జరిగే పనే! అమ్మకి కూడా చదివి వినిపించాను.

ఎన్నిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ రేసుల మైదానం 1986లో కట్టినప్పుడు ట్రాకంతా కాంక్రీటే వేశారు, పట్టు బాగుంటుంది, వెళ్లు. కానీ ఈ టైర్ల మీదే డల్లాస్ నుంచి నడుపుకుంటూ వెళ్లకు. రోడ్డు మీద వాడొచ్చనే డీవోటీ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉన్నా గాడి లోతు తక్కువ, వానొస్తే నీటి మీద తేలిపోతుంది. మామూలు టైర్లతో వెళ్లి ట్రాక్ దగ్గర మార్చుకో, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అవే వేసుకో. ముందు రేడియల్, వెనక బయాస్ పెట్టి రోడ్డెక్కే పని మాత్రం అస్సలు వద్దు. స్నేహితులు ఇల్లు మారుతుంటే సామాను మోయడానికీ ఈ టైర్లు వాడకు. సైజు ముందు పీ అక్షరం ఉన్న టైరును ట్రక్కుకి వేస్తే దాని మీద రాసిన బరువుని 1.10తో భాగించి, వచ్చినంతే మోయించాలి.

రాడ్ వేయించాక ఆ నాలుగు కొలతలూ, బంప్ స్టాపర్ తగిలినప్పుడు రెండువైపులా టేపు పెట్టి తీసిన ఫోటోలూ పంపు. నేను చూసి సరేనన్నాకే ఆర్డర్ పెట్టు. స్ప్రింగులు తీసేటప్పుడు జాకీని నమ్మి బండి కిందికి దూరకు, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే దూరు. ఒక్కడివే ఉన్న రోజు ఆ పని పెట్టుకోకు.

నాన్న