కార్డు బాకీ సమన్లు వెనక్కి పంపొద్దు

సంపాదకుల వారికి,

క్రెడిట్ కార్డు బాకీ దావా అంటే జైలేనని రికవరీ ఏజెంట్లు బెదిరిస్తుంటారు. అది సివిల్ వ్యవహారం. ఆస్తి దాచిపెడితే తప్ప, కట్టే స్తోమత లేనివారిని జైల్లో పెట్టరు. అసలు ముప్పు సమన్లు తీసుకోకపోవడమే. అప్పుడు మీ వాదన వినకుండానే తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) వచ్చేస్తుంది. మామూలు దావాకైతే 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద వేసిన సమ్మరీ సూట్‌కు (త్వరగా తేల్చే దావాకు) పదే రోజులు, ఆలోగా కోర్టులో హాజరు నమోదు కావాలి. ఏ రకమో సమన్ల మీదే ఉంటుంది.

చివరి చెల్లింపు జరిగి మూడేళ్లు దాటిందేమో స్టేట్‌మెంట్లలో చూసుకోండి; దాటితే దావాకు కాలదోషం పట్టి ఉండొచ్చు. ఆ మూడేళ్ల గడువు లోపల ఏజెంటు పోరు పడలేక అయిదొందలు కట్టినా ఆ లెక్క మళ్లీ మొదలు కావచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఇతరులకు ఆదాయ పరిమితిని బట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ 15100. లోక్ అదాలత్‌లో కట్టగలిగిన వాయిదాకే సంతకం పెట్టండి. అక్కడి రాజీ తీర్పు (అవార్డు)పై అప్పీలు లేదు.

– ఒక న్యాయవాది, గుంటూరు